మా ఊరి సగం ఓట్లు

పోయిన ఆదివారం పొద్దున హిందూపురంలోని మా ఇంటికి ఇద్దరు నడివయసు పెద్దమనుషులు పళ్ళ సంచి పట్టుకుని వచ్చారు. పళ్ళతో వచ్చిన మనిషిని నేను వెంటనే నమ్మను. ముప్పై ఏళ్ళకు పైగా రెవెన్యూ ఆఫీసుల్లో గుమాస్తాగిరీ చేసినవాడికి ఆ జబ్బు ఒకపట్టాన వదలదు. కాగితం ఇస్తే ముందు వెనక్కి తిప్పి చూస్తాను, నమస్కారం పెడితే ఎందుకు పెట్టాడా అని ఆలోచిస్తాను. వాళ్ళొచ్చిన పని ఏమిటంటే, మా ఊరివైపు ఒకప్పుడు ఎమ్మెల్యేగా చేసిన ఆయనకు డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయట, సన్మాన సంచిక వేస్తున్నారట, ఆ నియోజకవర్గంలో పుట్టి ఎన్నికల డ్యూటీలు చాలా చేసినవాడిగా నేను నాలుగు మంచి ముక్కలు రాసివ్వాలట. ఆయన రాజకీయ జీవితమంతా అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చిపోయారు. మొదటిసారి ఇండిపెండెంటుగా ఓటమి, తర్వాత గెలుపు, ఆ తర్వాత కొద్ది తేడాతో ఓటమి, మళ్ళీ గెలుపు, నియోజకవర్గం హద్దులు మారాక ఓటమి. అంతా కలిపి అయిదు వరుసలు. అందులో నాలుగో వరుస, ఆ ‘మళ్ళీ గెలుపు’, మా ఇంటిని ఏం చేసిందో ఆ కాగితంలో ఉండదు కదా. సంచికకు రాయనని చెప్పి పంపేశాను గానీ, మనసు ఊరుకోక మీకు చెబుతున్నాను. మీరు నా ఈడువాళ్ళు, బ్యాలెట్ పేపరు మడతపెట్టి పెట్టెలో వేసినవాళ్ళు, మీకు అర్థమవుతుంది.

మాది పెనుకొండకూ బుక్కపట్నానికీ మధ్య ఒక చిన్న పల్లె. మేము దూదేకులవాళ్ళం. నాయన దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. ఊళ్ళో పీర్ల చావిడి తాళంచెవి తాత కాలం నుంచీ మా ఇంట్లోనే ఉండేది. మొహర్రం నెలలో పీర్లను దించి, కడిగి, బట్టలు కట్టి నిలబెట్టేది నాయనే. మా పల్లెలో ఏ కులమైనా ఏ మతమైనా పీర్లకు మొక్కనివాళ్ళు లేరు. గట్టు తగాదా అయినా, కోడి పోయిన తగాదా అయినా చివరికి ఆ చావిడి ముందుకే వచ్చేది, ప్రమాణం చేస్తావా అంటే చాలు, తప్పు చేసినవాడు తల దించేవాడు. అక్కడ అబద్ధమాడితే ఇంటికి అరిష్టమని గట్టి నమ్మకం. అలాంటి చావిడి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నవాడు గనుక పేదవాడైనా మా నాయన మాటకు ఊళ్ళో విలువ ఉండేది. ఇక మా అవ్వ, అంటే నాయన తల్లి, మంత్రసాని. ఆ పల్లెలో సగం మంది అవ్వ చేతిలో పడి కళ్ళు తెరిచినవాళ్ళే, మా ఇంటి గడపలో కూర్చుని ఆమె కేకేస్తే పలకని ఆడమనిషి లేదు.

ఎమ్మెల్యే కాకముందు ఆయన చిన్న కాంట్రాక్టరు. మొదటిసారి ఓట్లకు వచ్చినప్పుడు చావిడి అరుగు మీద మగవాళ్ళతో కూర్చుని మజ్జిగ తాగి, ఏం కావాలని అడిగితే, నాయన అడిగింది ఒక్కటే, వంక మీద వంతెన. వానలు గట్టిగా పడి వంక పారితే మా పల్లెకు దారి ఉండదు. జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా నీళ్ళు తగ్గేదాకా ఇవతలి గట్టున కూర్చోవలసిందే. వంతెన కట్టిస్తానని ఆయన, ఊరి ఓట్లన్నీ నీవేనని నాయన, ఆ రోజు మాట ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ ఎన్నికలో ఆయన ఓడిపోయాడు, కానీ మా ఊరి మీద ఆయనకు అనుమానం రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ఆ రోజుల లెక్కింపు గురించి కొంచెం చెప్పాలి.

నేను అప్పట్లో పెనుకొండ ఆఫీసులో ఉండేవాణ్ణి, కౌంటింగు డ్యూటీ హిందూపురంలో పడేది. పెట్టెలు తెరిచి, పేపర్లను ఇరవై అయిదేసి చొప్పున కట్టలు కట్టి, అన్ని ఊళ్ళ కట్టలనూ ఒక పెద్ద డ్రమ్ములో వేసి కలిపేవాళ్ళం. ఊరగాయ కలిపినట్టు మోచేతులదాకా పెట్టి కలిపేవాళ్ళం. ఆ తర్వాతే బల్లల మీదికి పంచి లెక్కపెట్టేది. వల అవతల నిలబడిన ఏజెంట్లు పెన్సిళ్ళు నాలుకతో తడుపుకుంటూ ఎంత మెడలు సాచినా, ఏ ఓటు ఏ ఊరిదో కనిపెట్టడం ఎవరి వల్లా అయ్యేది కాదు. అందువల్ల ఎవరు గెలిచినా ప్రతి ఊరూ, మా ఓట్లన్నీ మీకే సార్ అని పూలదండతో పోయేది. ఓడినవాడి దగ్గరికి కూడా పోయి, మావి మాత్రం మీకే పడ్డాయని కళ్ళు తుడుచుకునేది. అబద్ధమని వాళ్ళకూ తెలుసు, వీళ్ళకూ తెలుసు, కానీ ఏ ఊరు ఆడిందో తెలియదు. రెండోసారి ఆయన గెలిచినప్పుడు, నాయన వేసిన దండ తీసి మళ్ళీ నాయన మెడలోనే వేశాడు. మూడోసారి ఓడినప్పుడు కూడా ఇంటిదాకా వచ్చి, మీ పల్లె నన్ను ఇడిసిపెట్టలేదప్పా అని నాయన భుజం మీద చెయ్యి వేశాడు. అన్నేళ్ళూ వంతెన మాత్రం రాలేదు. కట్టించని వంతెనకు అంత ప్రేమ ఏమిటా అని ఆయన మీద నాకు అనుమానంగానే ఉండేది.

రెండువేలు దాటాక మిషన్లు వచ్చాయి. డ్రమ్ము పోయింది, కలపడం పోయింది, ఏ బూతు లెక్క ఆ బూతుకే కాగితం మీద పడటం మొదలైంది. ఆ నాలుగో ఎన్నికకు ముందు ఆయన ఓడిపోయి ఉన్నా, ఎవరినో పట్టుకుని వంతెన పని మొదలుపెట్టించాడు. వంకలో నాలుగు దిమ్మెలు లేచాయి. మా ఊళ్ళో ఆ దిమ్మెలకు కూడా ఎవరో పసుపు పూశారు. నేనప్పటికి ధర్మవరానికి మారాను. ఫలితాలొచ్చిన మర్నాడు తోటి గుమాస్తా ఒకాయన బూతులవారీ లెక్క జిరాక్సు తెచ్చి చూపించాడు. ఆయన గెలిచాడు గానీ కొద్ది ఓట్లతో ఒడ్డున పడ్డంత గెలుపు. మా పల్లెకు ఒకటే బూతు. అందులో ఆయనకు పడ్డవి సగం, అవతలివాడికి పడ్డవి సగం. ఊరంతా నీదేనని ఇన్నేళ్ళుగా చెప్పిన మనిషి మా నాయన.

ఆ వారంలోనే సెలవు పెట్టి ఊరికి పోయాను. నేను పోయిన మర్నాడు పొద్దున్నే ఆయన జీపు చావిడి ముందు ఆగింది. ఈసారి అరుగు మీద కూర్చోలేదు, మజ్జిగ తాగలేదు. ఊరంతా పోగయ్యాక, చేతిలో ఆ జిరాక్సు కాగితం మడిచి పట్టుకుని, మెత్తగానే అడిగాడు.

“ఏమప్పా, కాయితం ఏమైనా చెప్పనీ. నీ ఊరు నాకే ఓటేసిందని ఈ పీర్ల ముందర ఒక్క మాట చెప్పు. నేను నమ్ముతా. రేపే దిమ్మెల మీద స్లాబు ఏపిస్తా.”

ఒక్క మాటతో పోయేది. మా ఊళ్ళో ఎందరో ఆ క్షణంలో, చెప్పెయ్యి అన్నట్టు నాయన వైపు చూశారు. నాయన మొలతాడుకున్న తాళంచెవి పట్టుకున్నాడు.

“నా ఓటు మీకే ఏసినా సార్. అంతమటుకు ప్రమాణం చేస్తా. మిగతావాళ్ల చేతులు నేను చూళ్లేదు.”

“ఇన్నేండ్లూ చూసినట్టే చెప్తాంటివే?”

ఎమ్మెల్యే ఊరి వైపు తిరిగి ఒక నవ్వు నవ్వి, అర్థమైందా అన్నట్టు చూసి జీపెక్కాడు. మర్నాటి నుంచి వంతెన పనికి మనుషులు రాలేదు. కంకర ఎవరో ఎత్తుకుపోయారు, దిమ్మెలు మాత్రం మిగిలాయి. నాయన అవతలివాడి దగ్గర డబ్బు తిని సగం ఊరి ఓట్లు అమ్మాడని, అందుకే పీర్ల ముందు ప్రమాణానికి భయపడ్డాడని ఊళ్ళో అనుకోవడం మొదలైంది. సగం ఓట్లు అమ్మిన మగవాళ్ళెవరో కనిపెట్టాలని ఇంటింటికీ గుసగుసలు. వచ్చే మొహర్రం నాటికి పెద్దలు కూర్చుని తాళంచెవి మా ఇంటి నుంచి తీసుకుని ఇంకొకరికి ఇచ్చారు. నాయన ఏమీ అనకుండా మొలతాడు నుంచి ముడి విప్పి ఇచ్చాడు. తాతలనాటి మర్యాద అది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది, కానీ ఆ సిగ్గు ఊరి వల్ల కాదు, నాయన వల్ల.

అవును, నేనూ అనుమానించాను. ఊరివాళ్ళకంటే ఎక్కువే అనుమానించాను. ప్రమాణానికి వెనకాడిన మనిషి ఏదో దాచాడని నా ఉద్యోగపు బుద్ధి చెప్పింది. పైగా ఆ నెలలోనే నాయన కొత్త సైకిలు కొన్నాడు. యాడిదని అడిగితే, కొన్నాలే అన్నాడు. హిందూపురం నుంచి బదిలీ మీద వచ్చిన ఒకాయన ఆఫీసులో అందరి ముందూ, మీ నాయన దుడ్లు బాగానే తిన్నాడంటనే అని నవ్వితే నేను ఎదురు చెప్పలేకపోయాను. ఒక మధ్యాహ్నం నాయన పనిమీద బయటికి పోయినప్పుడు ఆయన ట్రంకుపెట్టె తెరిచి అడుగుదాకా వెతికాను. పరుపులు కుట్టే పెద్ద సూదులు, దూదేకే వింటికి కట్టే నరం చుట్ట, తాత పాత తలగుడ్డ, ఇంతే. దొరకలేదు గనుక ఇంకా బాగా దాచాడని అనుకున్నాను. సాయంత్రం నాయన పెట్టె తెరిచి, తలగుడ్డ మడత మారి ఉండటం చూసి, నన్నొకసారి చూసి, మళ్ళీ మూసేశాడు. ఆ తర్వాత ఆయన బతికిన అయిదారేళ్ళలో మేమిద్దరం వానల గురించీ నా బదిలీల గురించీ తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

మొదట అవ్వ పోయింది, తర్వాత నాయన పోయాడు. అమ్మను హిందూపురానికి తెచ్చుకున్నాను. ఒకనాడు పెరట్లో ఇద్దరం శనక్కాయలు ఒలుస్తుంటే, ఏదో మాట మీద మాట వచ్చి, ఆ సైకిలు నాయనకు ఎవరు కొనిచ్చారని అడిగాను. అమ్మ, మీ అవ్వ కాళ్ల కడియాలు అమ్మి ఇచ్చింది అంది. ఊళ్ళో ఎవరూ పరుపు పని ఇవ్వకపోతే బుక్కపట్నం, ఆమడగూరు వైపు తిరిగి పని వెతుక్కోవడానికని. అవ్వ కడియాలు ఎందుకు అమ్మాలి అంటే, తప్పు ఆమెది కాబట్టి అంది. ఆ తర్వాత మెల్లగా అంతా చెప్పింది.

ఆ మనిషి మొదటిసారి ఓట్లకు వచ్చిననాడు, మగవాళ్ళు వంతెన అడిగాక, అవ్వ కూడా అరుగు దగ్గరికి పోయిందట. వంక పారిననాడు గట్టు మీద ఎద్దులబండిలో తన చేతుల్లోనే తల్లీబిడ్డా పోయిన సంగతి చెప్పబోయిందట. ఆయన అవ్వ వైపు చూడనైనా చూడకుండా మగవాళ్ళతో, “ఆడోళ్లతో నాకేం మాటప్పా, మీరు చెప్తే వాళ్లు యాడికి పోతారు” అని నవ్వాడట. అరుగు మీదున్న అందరూ నవ్వారట. నాయన కూడా నవ్వాడట. మర్నాడు బోరింగు దగ్గర అవ్వ ఒక్కొక్క ఆడమనిషికీ ఒకటే మాట చెప్పింది, మనం యాడికి పోతామో సూపిద్దాం అని.

“ఆపొద్దు నుంచీ అంతే నాయనా. ఆయప్ప గెలిచిన పొద్దూ ఏయలేదు, ఓడిన పొద్దూ ఏయలేదు. మొగోళ్లకు ఒక్కరికీ తెలీదు.”

సగం. నేను చేసిన ప్రతి పోలింగు డ్యూటీలోనూ డైరీలో మగ ఓట్లెన్ని, ఆడ ఓట్లెన్ని అని రెండు గళ్ళు నా చేత్తోనే నింపాను. అలాంటివాణ్ణి, మా ఊరి ఓట్లు సరిగ్గా సగానికి చీలితే, ఆ సగం ఎవరో నాకు తట్టలేదు. ఎమ్మెల్యేకు తట్టలేదు, ఊరి పెద్దలకూ తట్టలేదు. సగం మంది మగవాళ్ళు అమ్ముడుపోయారని వెతికామే గానీ, ఊళ్ళో ఉన్న మిగతా సగం మా లెక్కలోకే రాలేదు.

బూతు లెక్క ఊళ్ళో తెలిసిన రోజే నాయన ఇంట్లో అడిగితే అవ్వ దాచకుండా చెప్పేసిందట. పెద్దలు తాళంచెవి తీసుకున్న పంచాయితీ రోజున అవ్వ తానే బయటికొచ్చి ఒప్పుకుంటానని లేస్తే నాయనే ఆపాడట. ఓటు మీది, మాట ఇచ్చింది నేను, మిమ్మల్ని అడక్కుండా ఇచ్చినా అన్నాడట. పీర్ల ముందు అబద్ధం చెప్పలేదు, తల్లిని చూపించీ తప్పించుకోలేదు.

ఇప్పుడు మా ఊరికి ఇంకోవైపు నుంచి తారురోడ్డు వచ్చింది, వంకలో ఆ నాలుగు దిమ్మెలు కంపచెట్ల మధ్య అట్లాగే ఉన్నాయి. ఓట్ల కాలంలో పార్టీలవాళ్ళు ఇంటింటి జాబితా పట్టుకుని ఆడవాళ్ళ పేర్లు కూడా విడివిడిగా అడిగి గుర్తులు పెట్టుకుంటున్నారు. ఒకరకంగా అది మంచిదే, అవ్వలాంటివాళ్ళను ఇప్పుడెవరూ చూడకుండా పోరు. కానీ ప్రమాణం అడిగేవాళ్ళూ లేరు, అడిగితే భయపడేవాళ్ళూ లేరు. డ్రమ్ములో అన్ని ఊళ్ళ ఓట్లూ కలిసిపోయిన రోజుల్లో మా పల్లె పరువు, మా నాయన మాట, అవ్వ పంతం మూడూ ఒక కప్పు కింద బతికాయి. ఆ కప్పు ఎగిరిపోయిన ఏడాది అవి మూడూ కలిసి బతకలేకపోయాయి.

అంతా విన్నాక నేను అమ్మను ఒకటే అడిగాను, ఊరికి చెప్పకపోతే పోయె, నాకెందుకు చెప్పలేదని. అమ్మ చేతిలోని పొట్టు ఊదేసి, చెప్తామంటే మీ నాయనే వద్దన్నాడు అంది. “వానికి చెప్పాకండి, వాడు నమ్మడు” అన్నాడంట.

ఆ మాట గురించి చాలా రోజులు ఆలోచించాను. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ ఆయన అన్నది నిజం. అప్పుడు చెప్పి ఉంటే, ముసలితల్లిని ముందుకు తోసి తాను తప్పుకుంటున్నాడని అనుకునేవాణ్ణి.