పసుపునీళ్ళలో కరిగిన గుండె

త్రీడీ ప్రింటర్ గది తలుపు తీయగానే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఈ ఉదయం ఆ యంత్రంలోంచి ఓ పసిగుండె నమూనా నా చేతికొచ్చింది. ఇంకా గోరువెచ్చగానే ఉంది. రేపు మేము ఆపరేషన్ చేయబోయే గుండెకు అచ్చుగుద్దిన రూపం. ఇలాంటిది పట్టుకున్నప్పుడల్లా కర్నూలులో నాకు పని నేర్పిన సుగుణ మేడమ్ గుర్తొస్తారు. కమలాపురం మనిషి. ఎంత పెద్ద సర్జనైనా తన యాస వదల్లేదు, వదలమన్నవాళ్ళను ఊరికే వదిలిపెట్టనూ లేదు.

రెండువేల దశకం చివరి సంవత్సరాలవి. అప్పట్లో ఈ నమూనాలు మాకు వింతే. స్కాన్ బొమ్మలు బెంగళూరుకు పంపితే, సుద్దపొడిని పొరలుపొరలుగా అంటించి గుండె తయారుచేసి పంపేవాళ్ళు. మైదుకూరులో అంగడి నడిపే కుటుంబానికి అంజలి అని ఐదేళ్ళ పిల్ల. నాలుగడుగులు వేస్తే పెదవులు నీలంగా మారేవి. గుండెలో రెండు పెద్ద నాళాలూ కుడి గది నుంచే పుట్టాయి, గదుల మధ్య ఓ రంధ్రం. ఆ రంధ్రం నుంచి ఒంటికి రక్తం పంపే నాళం దాకా లోపల ఓ సొరంగం కుట్టాలి. నమూనా రాగానే మేడమ్ నా వేలు పట్టుకుని అందులో పెట్టించారు.

“కండ్లు మూసుకోప్పా. దోవ యాడ తిరుగుతాండాదో వేలికి తెల్లాల.”

తను చూసుకోవడం అయ్యాక నమూనాను ఇంటివాళ్ళ చేతికివ్వడం మేడమ్ అలవాటు. ఆ పిల్ల అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళ అంగడికి కొత్త తక్కెడ వచ్చినా పసుపునీళ్ళతో కడిగి బొట్టుపెట్టనిదే వాడరట. మనవరాలి గుండెకు చేయకుండా ఊరుకుంటుందా? చెంబులో పసుపు కలిపి శుభ్రంగా కడిగేసింది. సుద్ద కదా! నేను వెళ్ళేసరికి పళ్ళెంలో పచ్చటి ముద్ద మిగిలింది, అవ్వ గుండెలు బాదుకుంటోంది.

“తెల్లారితే ఆపరేషననంగా గుండె కరిగిపాయనే! నేనొప్పుకోను. పిల్లను ఇంటికి తీస్కపోతాం.”

తల్లి మాట జవదాటలేక అంజలి నాన్న సంచులు సర్దుతున్నాడు. ఇంటికి తీసుకెళితే ఆ పిల్ల ఎన్నాళ్ళో బతకదు. నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోగా మేడమ్ వచ్చి అవ్వ పక్కన నేలమీద చతికిలబడ్డారు. శకునం గురించి ఒక్క మాటా ఎత్తలేదు. అవ్వే అడిగింది.

“నీకు బయం ల్యాదా తల్లీ?”

“శానా ఉండాదవ్వా. బయం లేకుంటే ఈ బొమ్మ ఎందుకు చేపిస్తా? నేరుగా కోసేదాన్నే కదా.”

డాక్టరు అలా అనొచ్చా! అవ్వ మాత్రం కళ్ళు తుడుచుకుని మేడమ్ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

“బయముండే చేతులైతే పదిలంగా పట్టుకుంటాయి. తీస్కపో తల్లీ పిల్లను.”

మరునాడు సొరంగం కుట్టబోతూ మేడమ్ ఆగారు. “నీ వేలు యాడ తిరిగెనప్పా?”

“కండ దాటినాక ఎడమకి, మేడమ్.”

“నాకూ ఆడనే.”

వారం తిరక్కుండానే అంజలి వరండాలో పరుగెత్తి నర్సుల చేత తిట్లు తింది. ఎర్రటి పెదవులతో నవ్వుతుంటే ఎంత సంతోషమేసిందో!

ఇప్పుడు నన్నూ అడుగుతారు తల్లులు, భయం లేదా డాక్టరూ అని. ఉందమ్మా, చాలా ఉంది అంటాను. ఏ పుస్తకమూ నాకలా చెప్పమనలేదు. కానీ ఆ మాట విన్నాకే వాళ్ళు బిడ్డను నా చేతికిస్తారు.