పిన్నమ్మ వంతు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదట్నుంచీ నవ్వే. కరెంటు ఆఫీసులో పనిచేసే మనిషిని. లైటు ఆరినా, స్పీకరు గుర్రుమన్నా వైరు పట్టుకుని వెతుకుతాను తప్ప తాయెత్తు కట్టుకోను. మా ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే ఎగతాళి చేసేవాణ్ణి. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా చిన్నాయన తోలుబొమ్మలాట ఆడేవాడు. కాపురం చెన్నైకి దక్షిణాన, తమిళ ఊళ్ళ మధ్యనున్న అరియాంకుప్పంలో. బాహూరు దాకా ఊరూరా తెర కట్టి ఆడినవాడు. తెర వెనక ఆయన పక్కన ఎప్పుడూ పిన్నమ్మే. మగ బొమ్మల పాట ఆయనది, ఆడ బొమ్మల పాట ఆమెది. ఆమె పాడుతున్నంతసేపూ ఆయన కాలి కింద చెక్కపలకను తొక్కుతూ తాళం వేసేవాడు. పిన్నమ్మ ఏనాడూ ముందు కూర్చుని ఆట చూడలేదు.

ఆయన చివరి రోజుల్లో చెన్నై నుంచి ఒకమ్మాయి వచ్చి ఆయన జీవితం మీద డాక్యుమెంటరీ తీసింది. తెర వెనక చేరి ఆట తీసిన రోజు పిన్నమ్మ జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. ఆ ఆటలో రాజు అడవికి బయల్దేరుతూ రాణిని ఇంట్లోనే ఉండమంటాడు. నేనూ వస్తానని రాణి పాడాలి. చిన్నాయన తన పాట పాడి, అలవాటుకొద్దీ పక్కకి తిరిగి ఆగాడు. పక్కన ఎవరూ లేరు. పిన్నమ్మ కోలుకున్నాక ఆమె పాట తీసి కలుపుదామనుకున్నారు. ఈలోగా చిన్నాయనే పోయాడు.

అప్పట్నుంచి పిన్నమ్మ పాడటం మానేసింది. పాట మాటెత్తితే ఒకటే అనేది. "నా వంతు నేను పలకలేదురా. ఆయన్ని అట్లనే నిలబెట్టేసినాను."



డాక్యుమెంటరీని టౌన్లో, బీచికి దగ్గర్లో ఒక చిన్న హాల్లో వేశారు. పట్టపగలే. కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. ఆ అమ్మాయి ముచ్చటపడి చిన్నాయన తెరగుడ్డ మీదే సినిమా పడేలా ఏర్పాటు చేసింది. ప్రొజెక్టరూ స్పీకర్లూ నా చేతి మీదుగా పెట్టినవే.

పిన్నమ్మని ముందు వరసలో కూర్చోబెట్టాం. లైట్లు ఆర్పగానే ఆమె లేచి తెర వెనక్కి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. తెర కట్టాక ఆమె ఉండాల్సిన చోటు అదే మరి.

ఆ ఘట్టం వచ్చింది. చిన్నాయన పాడి, పక్కకి తిరిగి ఆగాడు. తెర వెనకనుంచి పిన్నమ్మ గొంతు లేచింది. మొదట వణికింది, తర్వాత కుదురుకుంది. ఒక్క చరణమూ వదలకుండా పాట మొత్తం పాడింది. హాల్లో సగం మందికి తెలుగు ముక్క రాదు. అయినా నా పక్కనున్న తమిళ పెద్దాయన తుండు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

పాట అయ్యేదాకా తెర మీద చిన్నాయన అలాగే పక్కకి చూస్తూ, చెక్క తొక్కుతూ ఉన్నాడు. ఆమె ముగించాకే తలూపి రాజు బొమ్మని కదిలించాడు.

జనం వెళ్ళాక ఆ అమ్మాయి పాలిపోయిన మొహంతో నా దగ్గరికొచ్చింది. తను తీసినదాంట్లో ఆయన ఆగేది గుక్క తిప్పుకునేంత సేపేనంది. మళ్ళీ వేసి చూశాం. నిజమే. ఆయన ఆగుతాడు, చెక్క ఒక్కసారి మోగుతుంది, వెంటనే తర్వాతి సీను, సముద్రంలో పడవలు కనిపిస్తాయి. తలూపడం అసలు లేనే లేదు.

కంప్యూటరు మొరాయించిందేమో అనుకున్నాను. మొరాయిస్తే తెర మీది దృశ్యం బిగుసుకుపోవాలి. కాలు ఆడటం నేను చూశాను. చెక్క చప్పుడు విన్నాను. ఆ పెద్దాయన ఏడుస్తూనే దానికి సరిగ్గా మోకాలి మీద వేళ్ళతో తాళం వేశాడు.

బస్సులో ఇంటికి తీసుకెళ్తూ పిన్నమ్మని మెల్లగా అడిగాను. ఆమెకి ఇందులో వింతేమీ కనబడలేదు.

"నేను పాడేదాకా ఆయన యాడికి పోతాడు?" అని కిటికీ వైపు తిరిగింది.

ఆ సినిమా నా ఫోన్లో ఉంది. అప్పుడప్పుడూ చూస్తాను. ప్రతిసారీ ఆయన ఆగుతాడు, ప్రతిసారీ పడవలొచ్చేస్తాయి. ఆ ఒక్కరోజు ఎందుకు రాలేదో, వైర్లన్నీ నేనే కలిపినా, నాకింకా అంతుపట్టలేదు. పిన్నమ్మ చూస్తానంటే మాత్రం ఫోన్లో చార్జింగ్ లేదని చెప్తాను.