మావయ్యగారి విండోసు పక్కన నా లినక్సు

అమలాపురంలో కంప్యూటరు ముందు కూర్చోవాలంటే చెప్పులు గుమ్మం బయట విప్పి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళే కాలం ఒకటుండేది. యంత్రం ఖరీదైనది, మనుషులు చవక. నేను మరీ చవక. మా అమ్మ పినతల్లి కొడుకైన మావయ్యగారు పెళ్ళికార్డులు తయారుచేసే కంప్యూటరు సెంటరు పెట్టినప్పుడు వైర్లు లాగిందీ, బల్లలు మోసిందీ నేనే. ప్రారంభోత్సవం నాడు వచ్చిన ప్రతివారికీ తలో పూతరేకు ఇచ్చారు. నాకివ్వలేదు. "ఇంట్లోవాడివి, నీకేంట్రా మర్యాదలు?" అన్నారు. (ఇంట్లోవాళ్ళు పూతరేకులు తినకూడదని ఎక్కడ రాసుందో ఇప్పటికీ ఎవరూ చూపించలేదు.)

ఆ తర్వాత రెండేళ్ళకు, రెండువేల అయిదు ప్రాంతంలో, ఒక ఇంజనీరింగు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగానికి నాకు ఇంటర్వ్యూ వచ్చింది. విండోసులాగే యంత్రాన్ని నడిపించే లినక్సు తెలిసి తీరాలన్నారు. సెంటరులో ఒంట్లో ఓపికున్న కంప్యూటరు ఒక్కటే. అందులో విండోసు, విండోసులో తెలుగు ఫాంట్లు, ఎదురుగా కుర్చీలో వాటిని కాపలా కాస్తూ, కార్డులు టైపు చేసే ఫాంట్ల బాబాయిగారు. అంతకుముందు ఒకసారి విండోసు పక్కన లినక్సు ఎక్కించాను గానీ, ఒకటి వాడాలంటే కంప్యూటరు ఆపి రెండోదాన్ని లేపాలి. నేను లేపి ఉంచిన లినక్సును చూసి మావయ్యగారు "నల్లతెర మీద తెల్లచీమలు పాకుతున్నాయి" అని చెరిపించేశారు. పైగా వచ్చినవాళ్ళ ముందు "మావాడికి ఉన్నది చెడగొట్టడం సరదా అండి" అన్నారు. అది మంగళవారం. నీలంచుక్కల చొక్కా వేసుకున్నారు.

ఇంటర్వ్యూకి వారం ఉందనగా ఒక కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీలో నాకు మోక్షం దొరికింది. విండోసును ఆపకుండానే, దాని పక్కన లినక్సు కెర్నల్‌ను (అంటే యంత్రం పగ్గాలు పట్టుకునే అసలు భాగాన్ని) నడిపించే సాఫ్ట్‌వేరు అది. నేను మూలనున్న ముసలి కంప్యూటరు నుంచి వైరు ద్వారా ఆ లినక్సులోకి వెళ్ళి నేర్చుకుంటాను, బాబాయిగారి పని బాబాయిగారిది. మావయ్యగారికి విన్నవించుకున్నాను.

"రెండు కెర్నళ్ళూ వంతులవారీగా నడుస్తాయండి. ఒకటి కాసేపు పనిచేసుకుని, తనంతట తనే రెండోదానికి అప్పగించేస్తుంది."

"మన చేలకి వంతు నీళ్ళలాగా?"

"ఆయ్, అచ్చం అలాగే."

"మరి మీవోడు వంతయ్యాక తూము మూయకపోతే?"

"మూస్తాడండి. అంతా నమ్మకం మీదే."

"నమ్మకం మీద నడిచే తూము కాడేరా కర్రలు లేచేది" అన్నారు గానీ, మా అమ్మ ముఖం చూసి ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే. విండోసుకి వెక్కిళ్ళు వచ్చినా సరే, లినక్సు బయటికి.

నాలుగు రోజులు రెండూ తోటికోడళ్ళలా సఖ్యంగా ఉన్నాయి. శుక్రవారం పొద్దున్నే మలికిపురం నుంచి పెళ్ళికూతురి పెదనాన్నగారు వచ్చి బాబాయిగారి వెనక నిలబడ్డారు. కార్డు అడుగున వేసే బంధువుల పేర్లు, నలభై ఒకటి, నోటితోనే చెప్పారు. "మేనత్తగారి ఆయన్ని మూడో వరసలో వేస్తే పెళ్ళికి రారండి. పైకి తియ్యండి." "చిన్న మేనమామగారి ఇంటిపేరు కిందటిసారి తప్పడిందని విస్తరి ముందునుంచి లేచిపోయేరు. జాగర్తండి." నేను చెవులు రిక్కించి విన్నాను. ఇది నాకు ఇష్టమైన విషయం. రెండు గంటల తర్వాత పేర్లు కుదిరాయి. ఆయన టీకి వెళ్ళారు. మధ్యాహ్నం బస్సుకి కార్డు రాజమండ్రి ప్రెస్సుకి వెళ్ళిపోవాలి.

సరిగ్గా అప్పుడే నేను, పత్రికవాళ్ళు వద్దని రాసిన ఒక డ్రైవరును, అంటే పరికరాలను పనిచేయించే సాఫ్ట్‌వేరు ముక్కను, లినక్సులో ఎక్కించాను. (వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పలేదు.) లినక్సు కుప్పకూలింది. రెండు కెర్నళ్ళూ కూర్చున్నది ఒకే గద్దె మీద, మధ్యలో గోడ లేదు. విండోసు కూడా కూలి, తెరంతా నీలమైపోయింది.

"సేవ్ చేసేరా?" అన్నారు మావయ్యగారు.

"కార్డు పూర్తికాందే ఎలా చేస్తామండీ? సేవంటే పేరడుగుతుంది. బిడ్డ పుట్టకుండా పేరెడతామా?" అన్నారు బాబాయిగారు. పదేళ్ళుగా, వేరే సెంటర్లలో చేసినప్పటినుంచీ, ఆయన పద్ధతి అదేనట.

మావయ్యగారు నావైపు తిరిగి ఒకే మాటన్నారు. "చెరిపెయ్."

ఇంటర్వ్యూ సోమవారం. చెరపడానికి బదులు కుర్చీ లాక్కుని బాబాయిగారి పక్కన కూర్చున్నాను. మొండిగా "బాబాయిగారూ, కంప్యూటరు లేపి టైపు చెయ్యండి" అని మొదలుపెట్టాను. మొదటి పేరు, రెండోది... ఎవరు ఎవరి కింద పడ్డారో, ఎవరు ఎందుకు అలిగారో తలుచుకుంటుంటే పేర్లు వాటంతటవే వచ్చాయి. ఇరవయ్యోది చెబుతుండగా పెదనాన్నగారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇయ్యన్నీ నీకెలా గుర్తున్నాయయ్యా?"

"అన్యాయం జరిగినవాళ్ళని నేను మర్చిపోనండి. మీ పెద్దబావగారిని అయిదో వరసలోంచి తొమ్మిదికి దింపేరు. అది బాగోలేదండి."

ఆయన లోపలికొచ్చి, "అయిదులోనే ఉంచండి" అన్నారు. కార్డు బస్సెక్కింది. (ఈసారి బాబాయిగారు పేరు పెట్టారు.) మావయ్యగారు నన్ను ఎగాదిగా చూసి, "సోమారం దాకా ఉంచుకో. ఆ జ్ఞాపకాన్ని అప్పుడప్పుడు ఇలాంటి మంచిపనికి కూడా వాడరా" అన్నారు. పొగిడారో తిట్టారో తేలక, రెండు ఖాతాల్లోనూ రాసుకున్నాను.

ఇంటర్వ్యూలో కెర్నల్ అంటే ఏమిటన్నారు. వంతు నీళ్ళతో మొదలుపెట్టి నీలితెర దాకా చెప్పాను. నవ్వి ఉద్యోగమిచ్చారు. ఇప్పుడు మా ల్యాబులో ఒక్క యంత్రంలో పది సిస్టములు నడుస్తాయి, మధ్యలో గట్టి గోడలు. ఒకటి పడితే పక్కదానికి కబురైనా అందదు.

మొన్న మావయ్యగారు మా ఇంటికి పూతరేకుల డబ్బా పట్టుకొచ్చారు. "ఆ రోజు నీకివ్వలేదటగదరా, మీ అమ్మ నెలకోసారి చెబుతుంది" అన్నారు. ఇన్నేళ్ళుగా తయారుచేసి ఉంచుకున్న జవాబుకి నోరు తెరిచాను. తెరిచిన నా నోట్లో ఆయనే ఒక పూతరేకు పెట్టారు. నేను ఏదీ మర్చిపోలేదు, ఆ నీలంచుక్కల చొక్కాతో సహా. కానీ తలుచుకుంటే కోపం రావడం లేదు. ప్రస్తుతానికి నా ఫిర్యాదు అదొక్కటే.