సోడియానికి నిమ్మకాయ పెడితే

మొన్న మా సూర్యాపేట బడిల ఏమైందో ఇనుండ్రి. నా నౌకరీ ఖాయమైంది! ఎట్లయిందో చెప్తే మాత్రం మీ నోట్ల చాయ్ నిలవదు.

ఉర్దూ పాఠాలు పోయి తెలుగు పాఠాలొచ్చిన మొదటి ఏడాది గదా. కోదాడ నుంచి ఇన్‌స్పెక్టర్ సారు వస్తున్నడని కబురొచ్చింది. మా పెద్దసారు నన్ను పిలిచి, "నీ పాఠం ఆయనకు నచ్చిందా, నౌకరీ పక్కా. నచ్చలేదా, మూట సదురుకొని మీ మిర్యాలగూడకు పో" అన్నడు.

నాకు పట్టుదల పుట్టింది. పరమాణువు పాఠం తీసిన. పుస్తకంల బొమ్మ గోరంత, బోర్డు మీద గీస్తే ఎనక పిల్లలకు కనవడదు. అందుకే తరగతి నడుమ నేల మీద ముగ్గుపిండితోని మూడు గుండ్రాలు గీసిన. కేంద్రకం కావాలె గదా, నడుమ నిమ్మకాయ పెట్టిన. ఎలక్ట్రాన్లకేమో మా ఇంటామె డబ్బల నుంచి పదకొండు ఎండుమిరపకాయలు. లోపలి గుండ్రంల రెండు, దాని బయట ఎనిమిది, ఆఖరు దాంట్ల ఒక్కటి. సోడియం! ఎంత ముద్దుగున్నదో! నా భుజం నేనే తట్టుకున్న.

ఆ రోజు అమాస అని మాత్రం నాకు యాదికి లేదు.

ఇన్‌స్పెక్టర్ సారు గడప కాడనే ఆగిపోయిండు. మొఖం తెల్లవడ్డది. "ఎవరి మీద చేశారండీ ఇది?" అన్నడు. ఆయన ఎనకున్న పెద్దసారు "బాణామతి!" అని ఒక్క కేక పెట్టి వరండల కూలవడ్డడు.

"కాదు సార్, సోడియం!" అన్న.

"గదెక్కడి దయ్యమయ్యా?" అన్నడు పెద్దసారు.

పిల్లలన్న కాపాడుతరని "చెప్పుండ్రిరా!" అన్న. నలభై మంది ఒక్కసారే రాగం తీసిండ్రు: "రెండూ! ఎనిమిదీ! ఒకటీ!" అది మంత్రమనుకొని ఇన్‌స్పెక్టర్ సారు కండ్లు మూసి దండం పెట్టిండు. ఇగ నా నౌకరీ ఖతం అనుకున్న!

ఏం చేయాలె? వంగి కేంద్రకాన్ని తీసి, పండ్లతోని కొరికి, తొక్కతో సహా మింగిన. "సూడుండ్రి సార్, బతికే ఉన్న!"

ఆయన మెల్లగ లోపలికొచ్చిండు. మిరపకాయలను వేలితోని లెక్కవెట్టి, "ఆ చివరిది ఒంటరిగా ఎందుకుందయ్యా?" అన్నడు.

"లోపల రెండే పడతయి సార్, దాని బయట ఎనిమిదే. పదకొండోదానికి జాగ లేదు, బయట ఒక్కటే కూసుంటది. అందుకే జర సందు దొరికితే పక్కదానికాడికి పోతది. సోడియం నీళ్లల్ల పడంగనే భగ్గుమనేది గందుకే!"

"భలే చెప్పావయ్యా! ఇట్లాంటి పాఠం నేనెక్కడా చూళ్లేదు" అని, అక్కడికక్కడే కాయితం తీసి నా నౌకరీ ఖాయం చేస్తూ రాసి దస్తఖత్ పెట్టిండు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది!

పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచిండు. "సైన్సు సరేనయ్యా... నెల నుంచి నా నడుము పట్టేసింది. మా ఇంట్లో కూడా ఓసారి ఆ ముగ్గు వేసి పోతావా?"

సైన్సు పంతులును గదా, నాకు కోపం రావాలె. చేతిల కాయితం దిక్కు చూసిన. సిరా ఇంకా ఆరలేదు.

"మంగళవారం వస్త సార్" అన్న.