ఎనిడ్ పీపాలో నీళ్లు

హెడ్లీ అక్రాయిడ్ ఎవరి మాటా నమ్మడు. బస్సు ఎన్నింటికని మనల్ని అడుగుతాడు, చెబితే విని, మన ఎదుటే బోర్డు దగ్గరికి వెళ్లి చూసుకుంటాడు. క్లబ్బులో టీ అయిపోయిందంటే కెటిల్ మూత తీసి లోపలికి తొంగి చూస్తాడు. అలాంటి మనిషితో పందొమ్మిదేళ్లు ఒకే తెరచాప పడవలో కూర్చున్నందుకు ఎనిడ్ బారక్లఫ్‌కి పతకం ఇవ్వాలని మేం నవ్వుకునేవాళ్లం. వానలు మొహం చాటేసిన ఆ వేసవిలో ఆయన ఆమెనే దొంగని చేసి మా అందరి ముందు నిలబెట్టాడు.

నేను స్కార్‌హోమ్ రిజర్వాయర్ పడవల క్లబ్బుకి కార్యదర్శిని. పందేల ఫలితాలు రాయడం, ఉత్తరాలు టైపు చెయ్యడం, టీ కాచడం నా పనులు. కాబట్టి ఈ వ్యవహారంలో నా చేతికీ మసి అంటింది.

హెడ్లీ ముప్పై ఎనిమిదేళ్లు సరుకు ఓడల్లో వడ్రంగి. ఓడ వడ్రంగికి చెక్కపని ఎంతో నీళ్ల పనీ అంతే. రోజూ పొద్దున్నే ఇత్తడి కడ్డీకి సుద్ద రాసి, తాడు కట్టి మంచినీళ్ల ట్యాంకులోకి దించాలి. సుద్ద ఎంతవరకు తడిసిందో చూసి పుస్తకంలో అంగుళాలు వెయ్యాలి. ఒకసారి ఆయన జ్వరంతో పడుకుంటే, ఆ పని అప్పగించిన అధికారి ట్యాంకు మొహం చూడకుండా, నిన్నటి అంకెలోంచి కొంచెం తగ్గించి ఇవాళ్టి అంకె వేస్తూ పోయాడట. రేవు ఇంకా ఆరు రోజుల దూరం ఉండగానే ట్యాంకు అడుగు కనబడింది. మనిషికి రోజుకి మూడు మగ్గుల నీళ్లతో ఒడ్డు చేరారు. అప్పటినుంచి హెడ్లీకి తడిసిన కడ్డీ మీద తప్ప దేని మీదా నమ్మకం లేదు.

ఆ వేసవిలో రిజర్వాయర్ రోజురోజుకీ కుంగిపోయింది. పడవలు కట్టే జెట్టీ గాల్లో నిలబడిపోయింది. పడవలు దించే రాతివాలు చివర బురద తేలితే, పలకలు పరిచి వాటి మీదుగా పడవల్ని ఈడ్చుకెళ్లాం. గేటు దగ్గర నీళ్ల కంపెనీ బోర్డు మాత్రం నీళ్లు యాభై ఎనిమిది శాతం అని ఆరు రోజులు ఒకే పాట పాడింది. హెడ్లీ రాతివాలు మీద రోజూ సుద్దగీత గీశాడు. ఆరు రోజుల్లో తొమ్మిది అంగుళాలు తగ్గింది. బోర్డు మార్చే మనిషి రాగానే పట్టుకున్నాడు.

"ఏమయ్యా, నీళ్లు దిగిపోతున్నాయి, నీ అంకె దిగదేం? మేకు కొట్టి బిగించావా?"

"బోర్డు సోమవారమే మారుస్తామండీ. వారానికొకసారే."

"అంటే మిగతా ఆరు రోజులూ అబద్ధమేగా?"

ఆ మనిషి అంకె మార్చేసి వెళ్లాడు. హెడ్లీ మాట నెగ్గింది. అది మా కొంప ముంచింది. నెగ్గిన అనుమానానికి ఆకలి ఎక్కువైంది.

ఆ తర్వాతి వారం తోటలకి పైపుతో నీళ్లు పెట్టకూడదని నిషేధం వచ్చింది. దాంతోపాటు క్లబ్బుకి వేరే ఉత్తరం: నీళ్లు కంపెనీవి, వాటి మీద తిరిగే పడవలు మావి, కాబట్టి మా సభ్యుల్లో ఎవరైనా పైపుతో నీళ్లు పెడితే మా అనుమతి గురించి మళ్లీ ఆలోచిస్తారట. కమిటీ హడలిపోయి, పట్టుబడ్డవాళ్ల పేరు కొట్టేస్తామని తీర్మానించింది. ఆ కాగితం టైపు చేసి తలుపుకి అంటించింది నేనే.

మా వీధిలో గడ్డి అంతా గోధుమరంగుకి తిరిగింది. జనం స్నానం చేసిన నీళ్లు బకెట్లలో మోసుకొచ్చి గులాబీలకి పోసేవాళ్లు. ఎనిడ్ పెరట్లో మాత్రం చిక్కుడు తీగలు ఎర్రటి పూలతో కర్రల పైకి ఎగబాకాయి. హెడ్లీది ఆమె పక్క ఇల్లే, ఇద్దరి మధ్యా నడుమెత్తు కంచె.

"నీ చిక్కుళ్లకి నీళ్లెవరు పోస్తున్నారు?" అని అడిగాడు ఒకరోజు.

"ఇంకెవరు, నేనే. మా ఆయన పోయి పదేళ్లయిందిగా."

"ఎక్కడివి నీళ్లు?"

"అదిగో, కంచె పక్కన వాననీళ్ల పీపాలోవి."

"వాన పడి ముప్పై నాలుగు రోజులైంది."

"లెక్క బాగానే పెట్టావు కెప్టెన్ గారూ. గుప్పెడు కాయలు కోసివ్వనా?"

ఆ కాయలు తీసుకున్నాడు, వండుకు తిన్నాడు. మర్నాటి నుంచి ఆమె పేపరు కోసం కొట్టుకి వెళ్లగానే కంచె మీదుగా వంగి, పీపా మూత ఎత్తి, తన పాత ఇత్తడి కడ్డీ దించడం మొదలుపెట్టాడు.

అప్పటికే ఆమె మీద ఆయనకి కొన్ని అభ్యంతరాలున్నాయి. ఎప్పుడూ చుక్కాని ఆయనది, తెరచాప తాళ్లు ఆమెవి. ఈ ఏడు ఉన్నట్టుండి ఆమె చుక్కాని తనకి కావాలంది. "నా కుర్చీకి ఎసరు పెడుతోంది" అన్నాడు నాతో. ఎండ మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కా విప్పదు. నెలకోసారి వ్యాను వచ్చి అట్టపెట్టెలు దించుతుంది, అడిగితే కర్టెన్లు అంటుంది. అన్నిటికీ మించి, వారానికి మూడు మధ్యాహ్నాలు గోడ అవతలి నుంచి మోటారు చప్పుడు.

"జాయిస్, దొంగ పంపు పెట్టింది. కొళాయి నీళ్లు పీపాలోకి తోడుతోంది" అన్నాడు.

నోరు ముయ్యమని చెప్పాల్సింది. చెప్పలేదు. మా ఇంటి బటానీలు ఎండి వరుగులయ్యాయి, ఆ చిక్కుళ్లు చూసినప్పుడల్లా నాకూ కడుపులో మండేది. "రుజువు కావాలి కదా" అన్నాను, పెద్ద న్యాయమూర్తిలా.

రుజువు తెచ్చాడు. ఆదివారం పందెం ముగిశాక క్లబ్బు గదిలో అధ్యక్షుడు గ్రేమ్ ముందు పుస్తకం తెరిచాడు. ఇరవై మూడు రోజుల కొలతలు. ఎనిడ్ తడిసిన బూట్లతోనే వచ్చి కూర్చుంది.

"పీపాలో మూడడుగుల నీళ్లు పడతాయి. రోజూ సాయంత్రం రెండు డబ్బాలు పోస్తుంది, నా కళ్లతో చూశాను. ఈపాటికి రెండుసార్లు ఖాళీ కావాలి. కానీ బుధవారం, శుక్రవారం, ఆదివారం పొద్దున చూస్తే నిండుగా ఉంటుంది. ముందురోజు మధ్యాహ్నం మోటారు మోగుతుంది. వాన చుక్క లేదు. మీరే చెప్పండి."

గ్రేమ్ పుస్తకం మూశాడు. "ఎనిడ్, నీ పేరు కొట్టెయ్యాలని ఎవరికీ లేదు. ఏదో కారణం ఉండే ఉంటుంది."

ఎనిడ్ ఆయన వైపు చూడలేదు. హెడ్లీనే చూసింది.

"నా పీపాలో కడ్డీ పెట్టావా?"

"పెట్టాను."

"ఇరవై మూడు రోజులు?"

"కొలత తప్పుంటే చెప్పు."

"కొలత తప్పేం లేదు" అంది. ఎడమచేతి గుండీ విప్పి చొక్కా మోచేతి పైదాకా మడిచింది. చర్మం కింద రక్తనాళం వేలి లావున ఉబ్బి మెలితిరిగి ఉంది, దాని మీద రెండు కట్లు. "మంగళవారం, గురువారం, శనివారం. ఇంట్లోనే డయాలసిస్. ఆ అట్టపెట్టెల్లో వచ్చేది దాని సామానే. ఆ యంత్రానికి నీళ్లు వడగట్టి పట్టాలి. వడగట్టింది లోపలికి, వద్దన్నది మోరీకి. మోరీలో పోయేవి మంచినీళ్లే కదా అని నర్సుని అడిగి గొట్టం పీపాలోకి తిప్పించాను. అంత నీళ్లు పారబొయ్యడానికి నాకు మనసొప్పలేదు. నేను కూడా ఈ రిజర్వాయర్ మీద తిరిగేదాన్నేగా?"

ఆమె గ్రేమ్ వైపు తిరిగింది.

"ఈ చేత్తో తాళ్లు లాగకూడదు. అందుకే చుక్కాని అడిగాను. జబ్బని చెబితే డాక్టరు కాగితం తెచ్చేదాకా నీళ్లలోకి రానివ్వరు. అది మీ రూలే, గ్రేమ్. ఈ ఒక్క సీజనూ గడిచిపోతే చాలనుకున్నాను."

రూలు రూలే. గ్రేమ్ తల దించుకుని ఆ మాటే చెప్పాడు, నేను సమావేశం మినిట్స్‌లో రాశాను. రాస్తుంటే నా మీద నాకే రోత పుట్టింది. ఆమె చొక్కా చెయ్యి దించుకుని బయటికి వెళ్లింది. హెడ్లీ పుస్తకం మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

నాలుగు వారాలకి ఎనిడ్ డాక్టరు కాగితం తెచ్చింది. చేతికి కవచం వేసుకుని చుక్కాని పట్టొచ్చు, తాళ్లు ముట్టుకోకూడదు. అప్పటికి వానలు పడుతున్నాయి, రాతివాలు సగం మునిగింది. శరత్కాలపు పందేల జాబితాలో ఆమె పేరు రాసి, జోడీ ఎవరని అడిగాను.

"నువ్వే."

"నేనా? నాకు ముడి వెయ్యడం కూడా రాదు!"

"నేర్పుతాను. నువ్వూ అనుమానపడ్డావు, నాకు తెలుసు. కానీ కడ్డీ పట్టుకుని రాలేదుగా."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పేరు రాశాను.

హెడ్లీ జాబితా చూసి అడగరాని ప్రశ్న అడిగాడు: "నేను ఎవరితో?"

"మోకాళ్లు అరిగిపోయినవాడివి, ఒక్కడివే ఎలా వెళ్తావు? ఒడ్డున కూర్చో" అన్నాను. కోపం ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

తర్వాతి మంగళవారం మధ్యాహ్నం నేను ఎనిడ్ ఇంట్లో ఉన్నాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఉంది, రెండు గొట్టాల్లో రక్తం వెళ్తూ వస్తూ ఉంది. నేను ఆమె చెప్పినట్టు తాడుముక్కతో ముడులు వేస్తున్నాను. తలుపు చప్పుడైంది. తీస్తే హెడ్లీ. ఖాళీ చేతులు, శుభ్రంగా దువ్విన తల. గుమ్మంలో నిలబడి నన్ను దాటి లోపలికి చూశాడు.

"ఎనిడ్, ఒంట్లో ఎలా ఉంది?"

"బాలేదు. మొన్న మార్చి నుంచి బాలేదు. ఇప్పుడడుగుతున్నావా?"

"ముందే అడగాల్సింది."

"అడిగితే చెప్పేదాన్ని. నీకొక్కడికే చెప్పేదాన్ని." గొట్టాల మీద దుప్పటి సరిచేసుకుంది. "లోపలికి రా, చలిగాలి వస్తోంది. పడవలో మాత్రం జాయిసే."

"సరే."

వచ్చి ఆమె మంచి చెయ్యి వైపు పీట మీద కూర్చున్నాడు. యంత్రం వైపు చూడలేదు, గోడవైపు మొహం తిప్పుకున్నాడు. ఏడిస్తే ఆ మోటారు హోరులో మాకు వినబడదనుకున్నాడు కాబోలు. మా ఇద్దరికీ వినబడింది.