సగం గీసిన గడ్డాలు

ఆ సెలూన్‌లో గడ్డం ఒక్క విడతలో పూర్తయిన అదృష్టవంతుణ్ణి మా వీధి ఇంతవరకు చూడలేదు. పైన విమానం మోత వినబడితే చాలు, సెలూనాయన కత్తితో సహా బయటికి పరుగెడతాడు. సగం గీసిన చెంపతో కూర్చున్నవాడు ఎంత గొప్పవాడైనా ఆగాల్సిందే. "పన్నెండు నిమిషాలు లేటండీ," అంటూ తిరిగొస్తాడు, పైలట్ జీతం తానే కోయబోతున్నట్టు. ఈ జబ్బు తండ్రి నుంచి వచ్చింది. ఆయన ఇదే కుర్చీ వెనక నిలబడి, జీవితమంతా విమానాల పొట్టలు చూసి, ఒక్కటీ ఎక్కకుండానే పోయాడు. కొడుక్కి కత్తెర, దువ్వెన, మెడనొప్పి మిగిల్చాడు.

యాభయ్యో ఏట సెలూనాయన భార్యతో మొదటిసారి విమానమెక్కాడు. కిటికీ సీటు ఒక కోటుబాబుకి దక్కింది. ఆయన కూర్చోగానే కిటికీ మూసేసి గురక మొదలుపెట్టాడు. రోజూ ఇరవై గొంతుల మీద కత్తి ఆడించే ధీరుడు, కిటికీ తెరవమని అడగలేక చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"అడగండి," అంది భార్య.

"నిద్రపోతున్నాడే, పాపం."

"మీ మొహం!" ఆమె భర్త మీదుగా వంగి కిటికీ మూత పైకి లాగేసింది.

కోటుబాబు ఉలిక్కిపడ్డాడు. "ఏం కొంప మునిగిందమ్మా?"

"పైనుంచి మన షాపు కనబడుతుందా అని మా నాన్న పోయేదాకా అడిగాడండీ," అన్నాడు సెలూనాయన. "ఎవరూ చెప్పలేకపోయారు."

బయట మబ్బు తప్ప ఏమీ లేదు. "ఇంత ఎత్తునుంచి కనబడదయ్యా," అన్నాడు కోటుబాబు.

"మబ్బు పోనివ్వండి సార్, చూద్దాం," అన్నాడు సెలూనాయన, దాదాపు ఆయన ఒళ్లోకి ఎక్కేసి.