మ్యాపులో లేని పాయ

ఎన్నో ఏళ్లుగా ఈ మాట నాలోనే దాచుకున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను సర్వేయర్ని. ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమలలో ఒక వాగు లోయలోకి దిగాక ఐదు పాయలై, ఇసుకలో విడిపోతూ కలుస్తూ పారుతుంది. ఆ లోయ ఎత్తుపల్లాలకు మ్యాపు తయారుచేసే పని నాది. కొలకర్ర పట్టుకుని ముందు నడిచేది దస్తగిరన్న, రోజుకూలి మనిషి. నాలుగు పాయలు కొలిచాం. ఐదోది కంపచెట్ల వెనక ఉందని ఆయన వేలు పెట్టి చూపించాడు. ఎండాకాలం. చుక్క నీరు లేదు. ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాను. నంద్యాలలో ఫ్యాను కింద కూర్చుని, అటు గట్టు ఎత్తూ ఇటు గట్టు ఎత్తూ కలిపి, సగం వేసి ఫీల్డ్ బుక్ నింపేశాను. మ్యాపులో అక్కడ చదును నేల వచ్చింది.

ఆ మ్యాపును నమ్మి, అడవి కాపలావాళ్లకు అక్కడ రెండు గదులు కట్టారు. ఒక పెద్దవానకు ఐదో పాయ పారింది. గదులు కొట్టుకుపోయాయి. మనుషులు చెట్లెక్కి బతికారు. విచారణ వేశారు.

విచారణకు ముందురోజు నేనే దస్తగిరన్న ఇంటికి వెళ్లాను.

"అన్నా, ఆ పాయ చూపించలేదని ఒక్క మాట చెప్పు. నీ పని పోకుండా నేను చూసుకుంటా."

"నేను చూపిస్తి గద సార్?"

"నా ఉద్యోగం పోతే మళ్లీ రాదన్నా."

"సరేలే సార్. నువ్వు ఇంతగా అడుగుతాండావ్."

అలాగే చెప్పాడు. ఆయన్ను తీసేశారు. నేను చూసుకున్నానా? లేదు. ఇప్పుడాయన ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర గొడుగులు, స్టవ్వులు బాగుచేస్తాడు. నన్ను చూస్తే లేచి సలాం చేస్తాడు. తిట్టినా బాగుండేది. ఆ సలాం తప్పించుకోవడానికి ఒక స్టాపు ముందే దిగి ఎండలో నడుస్తాను.

మొన్న కొత్త సర్వేకు మనుషులు కావాలంటే ఆయన దరఖాస్తు పెట్టాడు. పాత ఫైలు చూసి, పనికొస్తాడో లేదో రాయాల్సింది నేనే. పనికొస్తాడంటే ఫైల్లో ఇలా ఉందేమని అడుగుతారు, అడిగితే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి? రెండు రోజులు ఆ కాగితం ముందు కూర్చున్నాను. పిరికివాణ్ణి. పనికిరాడని రాశాను.

ఆ పాయ దస్తగిరన్న చూపించాడు. వెళ్లనిది నేను. ఆ ఫైల్లో రాయలేనిది ఇక్కడ రాశాను, నా మనసు కొంచెం తేలికపడింది. ఆయనకు మాత్రం పని రాలేదు.